ఖిల్లా మీద దూప

తెల్లారకముందే లేచి పులిహోర కలిపి, మార్చి ఎండకు అందరికీ సరిపోవాలని ఆరు సీసాల్లో నీళ్లు నింపింది చంద్రిక. తను మాత్రం గుక్కెడు తాగలేదు. బయటికి వెళ్లే రోజు ఆ ఇంట్లో ఆడవాళ్లు నీళ్లు ముట్టరు. పెళ్లైన కొత్తలోనే అత్త నిర్మలమ్మ ఆ మాట చెవిన వేసింది. "బయటికి పోయేనాడు నీళ్లు తాగకు బిడ్డా. మగోళ్లను బండి ఆపుమని అడుగుతమా, సిగ్గు గాదు?" అత్త చెడ్డదేం కాదు. ఆమెకు ఆమె అత్త చెప్పింది, ఈమె తన కోడలికి చెప్పింది, అంతే.

పద్నాలుగేళ్లుగా చంద్రిక అదే పాటిస్తోంది. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పిన నాలుగేళ్లూ పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా ఒంటికి వచ్చినా బిగపట్టుకునే నిలబడింది. ఒళ్లు అదంతా గుర్తుపెట్టుకుంది. ఏడాదిలో మూడుసార్లు మూత్రంలో మంట, చలిజ్వరం. మళ్లీ ఇలాగే వస్తే కిడ్నీల మీదికి పోతుందని, రోజుకు మూడు లీటర్లు తాగాలని, వచ్చినప్పుడు ఆపుకోవద్దని దవాఖానాలో డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. ఆ సంగతి చెప్తే మొగుడు రంజిత్ నవ్వాడు. "మూడు లీటర్లా? ఇగ నిన్ను యాడికి తీస్కపోయినా ఎనక ట్యాంకర్ కట్టుకొని తిరగాలె." ఆ మాట తనకే ముచ్చటేసి, ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. వాళ్లూ నవ్వారు. నవ్వడానికేం పోయింది, మంట వాళ్లది కాదు గదా.

ఆ ఆదివారం ఆడబిడ్డ భర్త మదన్ మోహన్ కొత్త కారేసుకుని హైదరాబాద్ నుంచి ఒక్కడే వచ్చాడు. ముందు మగవాళ్లిద్దరూ, వెనక చంద్రిక, నిర్మలమ్మ, పన్నెండేళ్ల కూతురు సహస్ర కూర్చుని ఏడుపాయల వెళ్లి అమ్మవారిని చూసుకున్నారు. తిరుగుదారిలో కారు మెదక్‌లోకొచ్చి సరిగ్గా వాళ్ల గల్లీ ముందు నుంచే పోయింది. చంద్రికకు తన ఇంటి గేటు కనబడింది. ఐదు నిమిషాలు ఆపమంది. రంజిత్ వెనక్కి తిరగకుండానే అన్నాడు. "ఇల్లు దొరికితే ఇగ మీరు బయటికెల్లరు. బావ ఖిల్లా చూడాలె. కూసో."

ఎందుకు ఆపమంటోందో అతనికి తెలియక కాదు. నిర్మలమ్మ కోడలి మోకాలి మీద చెయ్యివేసి ఊరుకోమన్నట్టు నొక్కింది. అల్లుడి ముందు ఆ ముచ్చటెత్తితే పరువు పోదూ.

ఖిల్లా ఎక్కుతుంటే మగవాళ్లిద్దరూ రాజుల కథలు చెప్పుకుంటూ ముందు పోయారు. మధ్యలో ఒక కూలిన గోడ చాటుకు వెళ్లి, ప్యాంట్లు సర్దుకుంటూ హాయిగా బయటికొచ్చారు. రాజులు కట్టించినదైతేనేం, మగవాడికి ప్రతి గోడా సొంత గోడే. చంద్రిక తల దించుకుని మెట్లెక్కింది. పొత్తికడుపులో సూదులు గుచ్చుతున్నాయి. ప్రతి దర్వాజ దగ్గరా అత్త ఆగి ఆగి వస్తోంది. మోకాళ్ల నొప్పులనుకుంది చంద్రిక.

పైకెళ్తే ఊరంతా కనబడింది, దూరంగా చర్చి గోపురం, ఆ వెనక పొలాలు. మదన్ మోహన్ ఫిరంగి పక్కన ఫోటో దిగుదాం రమ్మని అత్తను పిలిచాడు. బండ మీద కూర్చున్న నిర్మలమ్మ లేవలేదు. మళ్లీ పిలిచాడు. ఆమె కళ్లెత్తి కోడలి వంక చూసింది. అత్త కాళ్ల దగ్గర మట్టి తడిసి ఉంది.

మగవాళ్ల చూపు ఆ తడి మీద పడకముందే చంద్రిక కదిలింది. సీసా మూత తీసి నీళ్లన్నీ అత్త ఒళ్లో ఒంపేసింది.

"చేతులు పనిచేస్తలేవా నీకు?" అన్నాడు రంజిత్. "పెద్దమనిషి మీద నీళ్లు పోస్తవా?"

జారిపోయిందని చెప్పింది చంద్రిక. అత్త వేళ్లు ఆమె కొంగును గట్టిగా పట్టుకున్నాయి. విడిపించుకోవాలనిపించలేదు.

సంచిలో ఇంకొక్క సీసా మిగిలింది. దాన్ని సహస్రకిచ్చింది. పెదవులెండి తెల్లబారి ఉన్నా పిల్ల అందుకోలేదు.

"వద్దమ్మా. దూప లేదు."

"పొద్దటి సంది ఒక్క చుక్క తాగలే గదనే?"

"తాగితే ఒంటికొస్తది. డాడీ ఆపడు గదా."

ఈ మాట పిల్లకు ఎవరు చెప్పారు? నిర్మలమ్మ చెప్పలేదు. తానూ ఒక్కనాడు నోటితో చెప్పలేదు. ఎట్లాగైనా చదివించాలి, తనలాగా కాకూడదు అని రోజూ అనుకుంటూనే, కడుపున పుట్టినదానికి చేతులారా నేర్పిందల్లా ఇదన్నమాట. దానికి డాక్టరమ్మ ఇంకో పదేళ్లకు ఏ చీటీ రాసిస్తుందో చంద్రికకు ఇప్పుడే తెలుసు.

సీసా ఎత్తి సగం తాను తాగింది. మిగతా సగం దగ్గరుండి కూతురి చేత తాగించింది. తర్వాత, అన్నానికి రమ్మని పిలిచేంత మామూలు గొంతుతో, మగవాళ్లిద్దరికీ వినబడేలా అంది.

"నేను, నా బిడ్డ ఒంటికి పోయొస్తం. మీరిద్దరు జర గా ఫిరంగి దిక్కు మొఖం తిప్పి నిలవడుండ్రి."

ముందు మదన్ మోహన్ తిరిగాడు, ఆ తర్వాత రంజిత్ కూడా తిరిగాడు. చంద్రిక కూతురి చెయ్యి పట్టుకుని గోడ చాటుకు నడిచింది. తడిచీరతో బండ మీద కూర్చున్న నిర్మలమ్మ వాళ్లు పోయిన దిక్కే చూస్తూ చప్పుడు లేకుండా ఏడ్చింది. ఆ ఒక్క మాట నోరు తెరిచి అనొచ్చని అరవై రెండేళ్లలో ఆమెకెవరూ చెప్పలేదు.