పొగాకు చిక్కం

పల్లీ చేను గట్టున తిమ్మమ్మ పొద్దున మిగిల్చుకున్న గంజి తాగుతుంటే ఆ గంజి చెంపలోంచి కారింది. పుండు తినేసి చెంపకు బొక్క పడింది. ఆమె కొంగుతో బొక్కను అదిమిపట్టి ఇంకో గుక్క మింగబోయింది.

కూలీల మీద కావలి ఉండే నాగప్ప కట్టె పట్టుకొని వచ్చాడు.

“థూ! లెయ్యే. కంపు కొడుతున్నవ్. దొర పల్లీలకు నీ చీము అంటుతది. పో ఇంటికి.”

పెండ్లయి వచ్చిన నాటినుంచి ఆ దొర చేలల్లోనే నడుం వంచిన మనిషిని కట్టె కొనతో నెట్టాడు. అదే చేత్తో పక్కనున్న ఆమె కోడలు దేవమ్మ దోసిట్లో ఇంత పొగాకు, గోటెడు సున్నం పెట్టాడు.

“నువ్వు దవడకు పెట్టు. నోరు తెరిచి సూపియ్యి.”

దేవమ్మ పెట్టుకుంది. చూపించింది. పక్క బాటన ఆగి నేను చూస్తున్నాను. పుండును కాదు, ఆ చేతిని.

ఆ దొర చేలల్లో అది ఆచారం. పల్లీ పీకే ఆడవాళ్లకు మధ్యాహ్నం కూడు లేదు, పొగాకు ఉంది. దవడకు పెట్టుకుంటే ఆకలి చస్తుంది. నోరు మండుతుంటే ఒక్క పల్లీ కూడా నోట్లో వేసుకోలేరు. చేలో తిరిగే ఎద్దుల మూతికి చిక్కం కడతారు, ఆడవాళ్లకు పొగాకు కడతారు. నోరు ఖాళీగా కనిపిస్తే మరునాడు పని లేదు. చదువుకునే తమ్ముళ్లారా, మీరు పుస్తకాల్లో రోగాలకు మందులు చదువుతారు. ఈ రోగానికి ఒక యజమాని కూడా ఉన్నాడు.

అవి నిజాం పాలన రోజులు. నేను, కుట్టుపని చేసే కరీం కూలీల తరఫున పనిచేసే అమరచింత సంఘం వాళ్లం. దవాఖాన డాక్టరును అడిగి తెలుసుకొని రాచపుండు, అంటే క్యాన్సర్, సంగతి ఊరూరా చెబుతున్నాం. ఆ సాయంత్రం తిమ్మమ్మ వాడకు వెళ్లి దేవమ్మ నోరు చూశాం. దవడ లోపల తెల్లటి మచ్చ ఉంది. అత్తకు మొదట వచ్చింది కూడా అదే.

“అక్కా, ఇంకా పుండు కాలే,” అన్నాడు కరీం. “ఇప్పుడు పొగాకు ఇడిచి దవాఖానకు పోతే బతికే తొవ్వుంది. గిట్ల మచ్చలొచ్చినా, పుండు మానకున్నా దాసిపెట్టొద్దు. వాతలు పెట్టొద్దు. ఇది అంటురోగం గాదు, పాపమూ గాదు.”

చుట్టూ చేరిన ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వు వినడానికి బాగా లేదు.

“మంచిగ చెప్తివి కరీం,” అంది పక్కింటి రేణుకమ్మ. “పొగాకు ఇడుస్తం. పొద్దు నెత్తిమీదికొచ్చినంక కడుపుల ఏమేస్తవు? నీ సూదా?”

“నోరు ఖాళీగుంటే నాగప్ప పనిలకు రానియ్యడు,” అంది హన్మమ్మ. “పుండుతోటి సచ్చేది రేపు. ఆకలితోటి సచ్చేది ఇయ్యాల.”

అరుగు మీద చెంపకు గుడ్డ కట్టుకున్న తిమ్మమ్మ ఏదో అంది. సగం మాట చెంప బొక్కలోంచి గాలిగా పోయింది. దేవమ్మ అందుకొని మాకు చెప్పింది.

“ఒక్కతి ఇడిస్తే ఎల్లగొడ్తడు, అందరు ఇడిస్తే పల్లీ ఎవడు పీకుతడు అంటుంది. కూడు అడగుమంటుంది.”

“దొరతోటి కయ్యమా? కొంపలు పీకిస్తడు!” అని ముసలి కురుమూర్తి లేచాడు.

“కొంపల ఏమున్నది మామా, పీకనీకె?” అంది హన్మమ్మ. “నేల ఆరుతుంది. జర ఆలస్యమైతే కాయ భూమిల్నే ఉంటది. అక్కెర మనకంటే దొరకే ఎక్కువ.”

పొద్దుపోయేదాకా అరుచుకున్నారు. చివరికి అందరూ ఒక మాట మీదికి వచ్చారు.

మరునాడు మధ్యాహ్నం నేనూ కరీమూ గట్టున ఉండగా నాగప్ప పొగాకు సంచి విప్పాడు. మొదట దేవమ్మ దోసిలి పట్టింది. గట్టున నిలబడ్డ తిమ్మమ్మ చెంపకున్న గుడ్డ విప్పింది. ఎవరూ మొహం తిప్పుకోలేదు. దేవమ్మ పొగాకును నాగప్ప చెప్పుల మీద పడేసింది. తర్వాత రేణుకమ్మ, తర్వాత హన్మమ్మ, తర్వాత అందరూ. ఆడవాళ్లు సాళ్లలోనే కూలబడి, కరీం చూపించినట్టు ఒకరి నోరు ఒకరు తెరిచి చూసుకోసాగారు.

దొర ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని వచ్చాడు.

“ఏందే ఆ నోర్లు సూసుకునుడు? తమాషానా?”

“చిక్కం ఇప్పినం దొరా,” అంది దేవమ్మ. “లోపల ఏం మిగిలిందో సూసుకుంటున్నం. పగటికి కూడు పెట్టు, పీకుతం. లేకుంటే నీ పల్లీ నువ్వే తొవ్వుకో.”

దొర పోలీసు అమీనుకు కబురు పంపాడు. రోగం పేరు చెప్పి కూలీలను రెచ్చగొట్టామని జవాన్లు వచ్చి నన్నూ కరీంనూ తాడుతో కట్టారు. ఆడవాళ్లు కూర్చున్న చోటినుంచి లేవలేదు. దేవమ్మ ఒక మొక్క పీకి, కాయ ఒలిచి, గింజను వేళ్లతో మెత్తగా నలిపి అత్త నాలుక మీద పెట్టింది. ఇంకో గింజ తన నోట్లో వేసుకొని దొర కళ్లముందే నమిలింది.

“దవాఖానకు పోవుడు మరువకు అక్కా,” అన్నాడు కరీం, జవాన్లు లాగుతుంటే.

“పోతం. ఒక్కదాన్నే గాదు,” అంది దేవమ్మ. “తొవ్వల ఈ దొర ఊర్లే ఉన్నయి. అక్కడి ఆడోళ్ల నోర్లు గూడ సూసుకుంట పోతం.”