రంగరాజులు మేస్త్రి తిట్టిన గోడ

పొద్దున్నే తాపీ పట్టుకునే ముందర రంగరాజులు మేస్త్రి ఒక చింతగింజ బుగ్గన పెట్టుకుంటాడు. గుడియాత్తంలో ఇండ్లు కట్టే మన తెలుగోళ్ళందరికీ ఆ అలవాటు ఉండాది. గోడకు వేసిన తడి పూత ముందర ఏ మాటన్నా అది పట్టుకుంటాది. ఏడు దినాలు నీళ్ళు కొట్టి ఆరినాక, ఎదురుగా ఎవరు గొంతెత్తినా ఆ మాట తిరిగి అప్పజెప్తాది. నోరు తెరవకుండా ఉండేదానికే ఆ గింజ. పూతలో నోరు జారిన మేస్త్రిని మళ్ళీ ఎవరు పిలుస్తారు?

ముప్పై ఏండ్లు గింజ జారనీయని మనిషి, పోయిన ఎండాకాలం వేలూరులో జారనిచ్చినాడు. సురేంద్రన్ అనే ఆయన పాటలు రికార్డు చేసే స్టూడియో కట్టిస్తాండాడు. లోపలి గదికి పూత వేస్తాంటే చెల్లెలు మునిరత్నమ్మ ఫోను చేసింది.

"అన్నా, శృతి నర్సు చదువు ఇడిచిపెట్టేసింది. ఒంటిగానే పాటలు కట్టి ఆల్బం చేస్తాదంట. ఈడనే ఉండాది, నువ్వే అడుగు."

కూతురు "నాయనా" అందో లేదో, గింజ ఎగిరి ఇసకలో పడింది.

"పాటంట పాట! నీ గొంతు పుండుపడ! నా గడప తొక్కొద్దు!"

శృతి గిటారు భుజానేసుకుని, కట్టుబట్టలతో కాట్పాడిలో ఆడపిల్లల హాస్టలుకు పోయింది. పోతే పోనీ అన్నాడు తండ్రి. అయిదు నెలలు ఒకరికొకరు ఫోను చేసుకోలేదు. ఇద్దరిదీ ఒకే మొండితనం, ఎవరిని అనేది?

శృతికి తెలుగు రాయను రాదు. తెలుగు పాటల్నే అరవ అక్షరాలతో రాసుకుంది. తొమ్మిది అయినాయి. గిటారూ తనదే, సిమెంటు మోసే ఇనుప బాండ్లి మీద దరువూ తనదే, గొంతూ తనదే. సురేంద్రన్ విని, స్టూడియోలో ఇంకా ఎవరూ పాడని ఆ కొత్త గది ఆదివారం దాకా వాడుకోమన్నాడు. సోమవారం నుంచి గది ఇంకొకరిది, ఏడాది దాకా దొరకదు.

గురువారం మొదటి పాట పాడింది. ఆఖరి చరణం అయిందో లేదో గోడ అందుకుంది: "పాటంట పాట! నీ గొంతు పుండుపడ! నా గడప తొక్కొద్దు!" ఎన్నిసార్లు పాడినా అంతే. స్పాంజి పలకలు అంటించినా దాని నోరు ఆగలేదు.

"ఎవరి గొంతమ్మా అది?"

"మా నాయనది."

సురేంద్రన్ వెంటనే ఫోను తీసినాడు. "ఏం మేస్త్రీ, నువ్వు కట్టింది గోడా, కుళాయి కాడ పోట్లాటా? వచ్చి పీకు!"

శుక్రవారం ఉలీ సుత్తీ పట్టుకుని రంగరాజులు వచ్చినాడు. గదిలో కూతురు.

"నీకు ఇంగెక్కడా చోటు దొరకలేదా?"

"నువ్వు తిట్టని గోడ యాడ ఉండాదో చెప్పు, ఆడికే పోతా."

ఆయన సుత్తి ఎత్తినాడు. పెచ్చులు రాలతాంటే తిట్టు కూడా ముక్కలై రాలింది. ఒక ముక్క "పుండు" అంటాది, ఒక ముక్క "గడప" అంటాది. కూతురి ముందర తన తిట్టును తానే చీపురుతో ఊడ్చుకోవడం కన్నా చావు నయమనిపించింది. ఆ పిల్ల చెయ్యి కూడా వెయ్యలేదు.

"ఆ తిట్టు నువ్వు ఇంటికే మోసుకుపోతావు కదా, అది ఆడ ఉన్నన్నాళ్ళు నేను గడప తొక్కను నాయనా."

"తొక్కమని ఎవరు బతిమాలినారు?"

ఎవరి పెచ్చులు వాళ్ళే ఇంటికి మోసుకుపోవాల. దారిలో పారేస్తే ఆ తావు తిడతానే ఉంటాది. మాట పట్టిన పెచ్చుల్ని ఏరి, సిమెంటు సంచిలో మూటగట్టి బస్సెక్కినాడు. డ్రైవరు పాట పెట్టినాడు, మూట తిట్టింది. జనమంతా మీద పడినారు. కండక్టరు పళ్ళికొండలో దించేసినాడు. పాటలు పెట్టని ఆటో దొరికేదాకా మూట పక్కన నిలబడే ఉన్నాడు పాపం. పాపమేమి, చేసుకున్నోడికి చేసుకున్నంత!

గదిలో ఉత్త ఇటుకలు మిగిలినాయి. కాలిన ఇటుకకు ఏ మాటా గుర్తుండదు. రెండు దినాల్లో శృతి తొమ్మిది పాటలూ ముగించింది.

ఆల్బం వచ్చింది. గుడియాత్తం ఆటోల్లో అదే మోత. అన్నతోనే ఉండే మునిరత్నమ్మ ఇంట్లో ఆ పాటలు పెడితే మాత్రం ప్రతి పాట వెనకా మూట అరిచేది.

"ఊరంతా పాట వింటాంది అన్నా, మనమే తిట్టు వింటాండాం," అంది.

రంగరాజులు ఫోను లాక్కుని వీధి చివరికి పోయినాడు. ఎండలో నిలబడి తొమ్మిదీ విన్నాడు. తొమ్మిదో పాట, నోట్లో చింతగింజతో ఇంటికి వచ్చే ఒక తండ్రి మీద. గోడలకు భయపడి నోరు మూసుకునేవాడు, ఇంట్లో కూడా గింజ తియ్యడం మరిచిపోయినాడంట. ఆ పాట రెండుసార్లు విన్నాడు.

మర్నాడు సొంత ఇంటికి పూత మొదలుపెట్టినాడు. ఊరందరికీ పూత వేసే మేస్త్రి ఇల్లు ఇరవై ఏండ్లుగా ఉత్త ఇటుకే. తడి పూత తిట్టును పట్టుకోకుండా, మూటను మునిరత్నమ్మ కోళ్ళ గూట్లో పెట్టించినాడు. కోడి కూసినప్పుడల్లా మూట తిట్టి, ఆ వారం ఒక్క పెట్ట గుడ్డు పెట్టలేదు. గింజ బుగ్గన పెట్టుకుని హాలు గోడకు పూత వేసి, మేకుకు ఫోను తగిలించి, నీళ్ళు కొడతా ఏడు దినాలు ఆ తొమ్మిది పాటలే గోడకు వినిపించినాడు.

ఎనిమిదో దినం మూటను తెచ్చి హాలు మూలన పెట్టినాడు. మునిరత్నమ్మ ఏదో గట్టిగా అడిగింది. మూట తిట్టింది. ఆ అరుపుకు గోడ గొంతెత్తి పాడింది. పాట అయినాక మూట మళ్ళీ తిట్టింది, గోడ రెండోది అందుకుంది. తిట్టేకొద్దీ పాటే! మునిరత్నమ్మ నవ్వి నవ్వి ఏడ్చింది. ఏడ్చుకుంటానే శృతికి ఫోను చేసింది.

సాయంత్రం శృతి వచ్చింది. గడప బయటే నిలబడింది.

"నీకోసరం రాలేదు. గోడ చూసేదానికి వచ్చినా."

"నా గడప తొక్కొద్దు!" అంది మూట. వెంటనే గోడ శృతి గొంతుతో తొమ్మిదో పాట ఎత్తుకుంది. ఆ పిల్ల కదలకుండా అంతా విని, చెప్పులు విడిచి గడప తొక్కింది. గోడ మీద అరచెయ్యి పెట్టి చూసింది.

"ఈ మూల సరిగా రాలేదు నాయనా."

ఆయన తాపీ అందుకుని ఆ మూలకు పోయినాడు. పూత నిన్ననే ఆరిపోయింది, ఇంక ఏమన్నా పట్టుకోదు. అయినా బుగ్గన చింతగింజ అట్లే ఉండాది.