తెల్లరాళ్ల దిబ్బ

రూబీ టీచరుకి కాగితం లేనిదే కాలు కదలదు. రేపల్లెలో ఇరవై ఏళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్న మనిషి మరి. తాత సమాధి ఉన్న ఇసక దిబ్బ మీద సిలువ పాతడానికి కూడా అనుమతి తీసుకోవాలని పట్టుబట్టింది. తమ్ముడు వినయ్ కుమార్‌కి ఒళ్లు మండింది. "అరవై ఏళ్లుగా ఎవర్నీ అడక్కుండానే సమాధులకి సున్నం వేస్తున్నాం. ఇప్పుడెవర్నడగాలక్కా?" అన్నాడు. తెనాలిలో చెక్కించిన రాతి సిలువ, ఒక గునపం ఆటోలో వేసుకుని, తల్లి వరమ్మను ఎక్కించుకుని, పొద్దున్నే అడవులదీవి వైపు వెళ్లిపోయాడు.

అది రెండువేల ఆరు, నవంబరు రెండో తేదీ. సమాధుల పండుగ. తల్లీ కొడుకూ ఏటా వెళ్లే వెనక దారినే దిబ్బ మీదికి వెళ్లారు. రూబీ మాత్రం బస్సు దిగి, పద్ధతిగా అడవి ముందు గేటు దగ్గరికి వెళ్లింది.

అడవులదీవి పక్కనున్న ఆ మడ అడవిలో రెండో ప్రపంచ యుద్ధం నాడు దొరల సైన్యం ఫిరంగులు పేల్చడం నేర్చుకునేది. ఇప్పుడది రక్షిత అడవి. పాత షెడ్లు రెండు బాగుచేసి, పూడిపోయిన కందకాలు తవ్వించి, ఆ ఏడాదే జనానికి చూపించడం మొదలుపెట్టారు. వరమ్మ తండ్రి ఏసుపాదం అక్కడ కూలిపని చేస్తూ నలభై మూడులో పోయాడు. శవం ఇంటికి రాలేదు. "తెల్లరాళ్ల దగ్గర పోయాడు" అని మేస్త్రీ వచ్చి ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయాడు. వరమ్మకప్పుడు ఐదేళ్లు. ఆమె తల్లి ఏడుస్తూ వెతుక్కుంటూ పోతే, ఇసక దిబ్బ మీద సున్నం కొట్టిన రాళ్లు కనిపించాయి. సమాధులనుకుంది. ఇంకేమనుకుంటుంది పాపం! తన మనిషిది ఏదో తెలియక ప్రతి రాయి దగ్గరా ఒక కొవ్వొత్తి వెలిగించింది. ఆమె తర్వాత ఆ పని వరమ్మది అయింది.

గేటు దగ్గర గార్డు ప్రకాశరావుకి కొత్త ఉత్సాహం. రూబీ తను టీచరునని చెప్పుకుని, వచ్చిన పని చెప్పబోతే విననే లేదు. "ముందు లోపల చూడండి టీచరుగారూ" అంటూ షెడ్డులోకి తీసుకెళ్లాడు. తుప్పు పట్టిన తూటాలు, సొట్టపడ్డ ఇనప టోపీ, గోడల నిండా పాత ఫొటోలు. బయట గాలి వీస్తూనే ఉంది, లోపల రూబీకి చెమటలు పడుతున్నాయి. ఆ చోటు ఆమెకు అస్సలు నచ్చలేదు. మూడో ఫొటో ముందు కాళ్లు ఆగిపోయాయి.

అందులో గోచీ పెట్టుకున్న బక్కపల్చటి మనిషి వంగి, తెల్లరాయి ఒకటి ఇసకలో పెడుతున్నాడు. ఒక దొర నిలబడి చూస్తున్నాడు, చాలా దూరం నుంచి.

"ఇదేంటండి?"

"వేసిన గుండ్లన్నీ పేలవు కదండి. పేలనిది ఇసకలో దిగిపోద్ది. ఎవరూ తొక్కకుండా పైన సున్నపురాయి పెట్టించేవోళ్లు. ఆ పని మన కూలీలది. కొందరు అందులోనే పోయారంటండి. ఆ దిబ్బకి ముందువైపు కంచె వేశాం, వెనకవైపు ఇంకా వెయ్యాలి. గుండ్లు తీసేవాళ్లు ఇంకా రావాలి."

"మరి సమాధులు?"

"ఇక్కడ సమాధులెక్కడివండి!"

రూబీ ఫోను తీస్తే సిగ్నల్ లేదు. "దిబ్బ మీద మా అమ్మ ఉందండి. మా తమ్ముడు గునపంతో తవ్వుతున్నాడు" అంది. ప్రకాశరావు పరుగు అందుకున్నాడు, వెనకే రూబీ.

కంచె చేరేసరికి గునపం చప్పుడు వినిపిస్తోంది. నలభై అడుగుల అవతల తెల్లరాళ్లు, వాటి మధ్య వరమ్మ, ఆమెకు రెండు బారల దూరంలో వినయ్. రూబీ కేక వేసి సంగతంతా చెప్పింది. వినయ్ గునపాన్ని పైకెత్తినవాడు అలాగే ఉండిపోయాడు.

"రాళ్ల మీదికి పోకండి. మధ్యలోంచి నడిచి వచ్చెయ్యండి" అని ప్రకాశరావు అరిచాడు.

వరమ్మ కదలబోయింది. అప్పుడు చూసింది రూబీ. ఐదు వరసలు, వరసకు ఎనిమిది రాళ్లు, బడిలో పిల్లల్ని నిలబెట్టినంత తిన్నగా ఉన్నాయి. ఆకాశం నుంచి పడే గుండ్లు ఇలా లెక్క ప్రకారం పడతాయా?

"అమ్మా, ఆగు! ఈ రాళ్లు ఎవరు పేర్చారు?"

"నేనేనే" అంది వరమ్మ, కాస్త గర్వంగానే. "డెబ్బై ఏడు ఉప్పెనకి చెల్లాచెదురైపోతే, దొరికినవన్నీ ఏరుకొచ్చి వరసగా పెట్టా. ఎవరిది ఎక్కడో తెలియలా."

ప్రకాశరావు కంచె మీంచి చెయ్యి తీసేశాడు. "అయితే ఏ గుండు ఎక్కడుందో తెలీదు. ఎక్కడివాళ్లక్కడే ఉండండి. నేను గేటు దగ్గరికి పోయి ఫోను చేస్తా. గుండ్లు తీసేవాళ్లు వచ్చేసరికి సాయంత్రమవుద్ది" అని వెనక్కి పరుగెత్తాడు. వచ్చిన అడుగుల్లోనే పోదామంటే, గాలికి ఎండు ఇసక కదిలి ఒక్క అడుగు జాడ కూడా మిగల్లేదు.

వరమ్మ తను పేర్చిన వరసల వంక చూసింది.

"అంటే మా నాయన పెట్టిన గుర్తులు నేనే చెరిపానా?"

"ఉప్పెన చెరిపిందమ్మా! నువ్వు కాదు!" రూబీకి ఏడుపు ఆగలేదు.

ఎండ ఎక్కుతోంది. అరవై ఎనిమిదేళ్ల మోకాళ్లు వణకడం కంచె దాకా కనిపిస్తోంది. వినయ్ చెయ్యి చాపాడు, అందలేదు. అడుగు వెయ్యబోయాడు.

"రాకురా!" అని గద్దించింది వరమ్మ. "సాయంత్రం దాకా నేను నిలబడలేను. పడితే నీకూ ముప్పే. నేను ముందు నడుస్తా. నా అడుగు పడ్డచోటే నీ అడుగు వెయ్యి, దూరంగా ఉండి రా."

"వద్దమ్మా!" అని పిల్లలిద్దరూ ఒక్కసారే అరిచారు.

ఆమె వినిపించుకోలేదు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, కుడికాలు ఇసకలో గట్టిగా వేసింది. ఏమీ కాలేదు. జాడ బాగా పడిందో లేదో వంగి చూసుకుని, రెండో కాలు ఎత్తింది.