తడిక ఇళ్ల డిక్రీ

ఎవాంజెలిన్ నెల్లూరు లా కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు సివిల్ ప్రొసీజర్ చెప్పింది. ఆమె క్లాసులో కూర్చోని వకీలు ఆ ఊరి కోర్టులో అరుదు. రిటైరవడానికి నెల ఉందనగా, వీధిలో చేపలమ్మే రాఘవమ్మ తట్ట లేకుండా వచ్చింది.

“అమ్మా, మైపాడు పక్కన మా పాలెం ఖాళీ చెయ్యాలని కాగితం చదివి, చేతికిచ్చి పోయినారు. మేము కోర్టు మొహమే ఎరగం!”

ఎవాంజెలిన్ ఆ కాగితం తిరగేసింది. ఒక రొయ్యల కంపెనీ వేసిన దావా అది. పాలెం వాళ్లెవరూ హాజరు కాలేదని ఏకపక్షంగా డిక్రీ ఇచ్చారు. మర్నాడు కోర్టులో ఫైలు తీయించి చూస్తే, పద్నాలుగు ఇళ్లకూ ఒకటే రిపోర్టు: ‘సమను తీసుకోలేదు, తలుపుకు అంటించాము.’

“మీ ఇళ్లకు తలుపులున్నాయా?”

“యాడివమ్మా? అన్నీ తడికెలే.”

ఎవాంజెలిన్ ఫైల్లో వకీలు సంతకం చూసింది. కంపెనీ వకీలు పెంచలకృష్ణ, ఆమె శిష్యుడే. జడ్జి చూసేది కాగితాన్ని, తలుపును కాదు. మోసం అక్కడే దూరుతుంది, జాగ్రత్త అని ఏటా క్లాసులో చెప్పేది. అతను ముందు సగమే రాసుకున్నట్టున్నాడు.

ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడాడు. “శుక్రవారం ఖాళీ చేయించడానికి కోర్టు అమీను వస్తాడు మేడం. మీరు ఆ పక్కకు రాకండి. మీ మంచికే చెప్తున్నా.”

డిక్రీ రద్దుకు పిటిషన్ ఆమే రాసి, వాణి అనే శిష్యురాలి చేత వేయించింది. స్టే మీద వాదన శుక్రవారం మధ్యాహ్నానికి పడింది. అమీను పొద్దున్నే పాలెంలో దిగాడు.

ఆ రోజు ఒక్క పడవా సముద్రంలోకి పోలేదు. జేసీబీ ఇంజను ఆగకుండా గురగురలాడుతోంది. ఎవాంజెలిన్ మొదటి ఇంటి ముందు నిలబడింది.

“పిటిషన్ నడుస్తోందయ్యా.”

“స్టే ఉందా అమ్మా?”

పిటిషన్ వేసినంత మాత్రాన అమలు ఆగదని ఎన్ని బ్యాచ్‌లకు చెప్పిందో! “లేదు,” అంది.

మధ్యాహ్నం మూడయ్యేసరికి తొమ్మిది ఇళ్లు నేలమట్టమయ్యాయి. రాఘవమ్మది ఏడోది. అప్పుడు వాణి ఫోన్ చేసింది, స్టే వచ్చిందని. ఐదు ఇళ్లు మిగిలాయి.

బస్సులో తిరిగొస్తుంటే ఇందుకూరుపేట దగ్గర ఒక తెల్ల కారు వెంటబడింది. నెల్లూరు దాకా వదల్లేదు. ఇంటికెళ్లి గొళ్లెం పెట్టుకుని, ఆ ఇళ్లకు తలుపుల్లేవని చూసిన సాక్షిగా తన పేరు రాసి వాణికి పంపింది.

తర్వాతి వాయిదాకు, జీవితంలో మొదటిసారి, ఆమె సాక్షి బోనెక్కింది. కొయ్య కమ్మీని గట్టిగా పట్టుకుంది. పెంచలకృష్ణ గౌను సర్దుకుని లేచి, ఆమెకు నమస్కారం పెట్టి, మొదటి ప్రశ్న వేశాడు.