తెరవకుండా బాగుందన్న పాఠం

అరిల్యే ఊళ్ళో ఒక మాట ఉంది: పైన దేవుడు, కింద కూమ్. బిడ్డను బాప్తిస్మంనాడు చేతుల్లో ఎత్తుకున్నవాడు ఆ ఇంటికి కూమ్ అవుతాడు. ఆ రోజు నుంచి రెండిళ్ళవాళ్ళూ ఒకరికొకరు కూమ్, చుట్టరికం కన్నా గట్టి ముడి పడుతుంది. కూమ్ తాగి తూలితే పట్టుకుని ఇంటికి చేర్చాలి. శ్రుతి తప్పి పాడినా తలూపాలి. ఎదురుమాట మాత్రం అనకూడదు. రాద్మిలాకు ఇది ఉగ్గుపాలతో అబ్బిన పాఠం.

ఆమె కొడుకు వుకాషిన్‌కు కూమ్ తిహోమిర్. ఊరి వృత్తి కళాశాలలో ముసలితనం వచ్చేదాకా పళ్ళ నిల్వ గురించి పాఠాలు చెప్పినవాడు. రాద్మిలాదీ అదే కళాశాల, పని వేరు. ఆన్‌లైన్ కోర్సు ఏదైనా సరే, జనానికి తెరిచే ముందు ఆమె ఒక విద్యార్థిలా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా విని, పరీక్ష రాసి, లోపాలు చెప్పాలి. చెప్పినదానికీ అడిగినదానికీ పొంతన ఉందా, గొంతు వినబడుతోందా, ఎక్కడ నొక్కాలో తెలుస్తోందా, ఇవన్నీ చూడాలి. ఈ పనిలో ఆమెకు గట్టిపిండం అని పేరు. కుర్ర మాస్టర్లు ఆమె పేరు వింటేనే జడుసుకునేవారు.

అలాంటి మనిషి, చలికాలంలో తిహోమిర్ కోర్సు తన దగ్గరికి వస్తే తెరిచి కూడా చూడలేదు. రాస్ప్‌బెర్రీ పళ్ళను ఏరడం, గడ్డకట్టించడం, నిల్వ చెయ్యడం మీద కోర్సు అది. నా బిడ్డను మోసిన చేతులకు నేను వంకలు పెట్టడమా అనుకుంది. తనిఖీ ఫారంలో అడిగిన ప్రతిదానికీ 'బాగుంది' అని నొక్కుకుంటూ పోయింది. నిజం చెప్పాలంటే అందులో గౌరవం ఎంతో బద్ధకమూ అంతే. గౌరవం ముసుగు కప్పితే బద్ధకాన్ని ఎవరు గుర్తుపడతారు? "అద్భుతం కూమా" అని ఫోన్లో ఒక మెసేజ్ పెట్టి, ఆ పూట హాయిగా చీజ్ రొట్టె కాల్చుకుంది.

ఆ కోర్సులో చేరినవాళ్ళంతా ఊళ్ళోని కోల్డ్ స్టోరేజీల్లో బెల్టు దగ్గర నిలబడి పళ్ళు ఏరే ఆడవాళ్ళు. ఈ ఏడు నుంచి పరీక్ష పాసైనవాళ్ళకే షిఫ్టు పెద్ద పని ఇస్తామన్నారు. మే నెలలో ఫలితాలు వచ్చాయి. ఇద్దరు తప్ప అందరూ తప్పారు.

మర్నాడు దెసాంకా అనే ఆమె రాద్మిలా గది గుమ్మంలో నిలబడింది. యాభై దాటిన మనిషి. చేతులు చన్నీళ్ళకు ఎర్రబడి ఉన్నాయి. లోపలికి రమ్మన్నా చెప్పులు చూసుకుంటూ నిలబడింది.

"గొడవ చెయ్యడానికి రాలేదు మేడమ్. మా బుర్రలే మట్టిబుర్రలు. తిహోమిర్ గారు అంత కష్టపడి చెప్పారు. రెండు అవకాశాలిచ్చారు, రెండోసారి కూడా తప్పాను. మా అమ్మాయి నవ్వింది, 'ఫోన్లో పరీక్ష కూడా రాయలేవా అమ్మా' అని. ఎలా చదివుంటే పాసయ్యేదాన్నో ఒక్కసారి చూపిస్తారా? వచ్చే ఏడుకైనా పనికొస్తుంది."

"దానికేం దెసాంకా గారూ, కూర్చోండి," అంది రాద్మిలా. కోర్సు తెరిచింది. తెరవడం అదే మొదటిసారి.

"మీరు తప్పిన ప్రశ్న ఏది?"

"గడ్డకట్టిన పండు కరిగి మళ్ళీ గడ్డకడితే ఎలా కనిపెట్టాలి అని అడిగారు."

"అది మూడో పాఠంలో ఉంటుంది," అంది రాద్మిలా పాఠాల పేర్లు చూసి.

మూడో పాఠం గంటన్నర వీడియో. తిహోమిర్ బోర్డు వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. రాద్మిలా ముందుకు జరిపింది, వెనక్కి జరిపింది. లేదు. నాలుగులో వెతికింది. నాలుగో పాఠం పేరు పెట్టి ఉంది, లోపల ఏమీ లేదు. అయిదు నొక్కితే మళ్ళీ రెండే వచ్చింది.

"నేనూ అక్కడే వెతికాను మేడమ్," అంది దెసాంకా మెల్లగా, తప్పు చేసినట్టు. "నాకు వెతకడం చేతకాలేదనుకున్నా. మీరైతే అంతా చూసే ఉంటారు కదా?"

"చూశాను," అంది రాద్మిలా.

ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. దెసాంకా నమ్మింది. నమ్మి, ఇంకొంచెం కుంచించుకుపోయి, "అయితే లోపం నాదే," అని లేచి వెళ్ళిపోయింది. రాద్మిలాకు సిగ్గుతో చెవులు మండాయి. మొహం కడుక్కున్నా తగ్గలేదు.

ఆ వారమే ప్రిన్సిపాల్ లెపోసావా సమావేశం పెట్టింది. తిహోమిర్ మూల కుర్చీలో తలవంచుకుని కూర్చున్నాడు. గడ్డం గీసుకోలేదు.

"కోర్సులో లోపం ఉందని కోల్డ్ స్టోరేజీ వాళ్ళు అంటున్నారు," అంది ప్రిన్సిపాల్. "అన్నీ బాగున్నాయని రాద్మిలా రాసిచ్చింది. రాద్మిలా చేత బాగుందనిపించుకోవడం అంటే మాటలా? కుర్రాళ్ళనడగండి, చెప్తారు. ఆ ఆడవాళ్ళు చదవలేదు, అంతే. ఫలితం మార్చేది లేదు."

అందరూ నవ్వారు. రాద్మిలా నోరు మెదపకపోతే చాలు, అంతా సర్దుకుపోతుంది. తన పేరుకూ కూమ్ పరువుకూ ఢోకా ఉండదు. దెసాంకా జూన్ కోతల్లో కూడా బెల్టు దగ్గరే నిలబడుతుంది, తన బుర్రను తానే తిట్టుకుంటూ.

"నేను చూడలేదు," అంది రాద్మిలా.

"ఏది చూడలేదు?"

"కోర్సు. తెరవకుండానే బాగుందని రాశాను. అందులో ఒక పాఠం ఖాళీగా ఉంది. పరీక్షలో అడిగినవి సగం ఎక్కడా చెప్పలేదు. నేను తెరిచుంటే మొదటి రోజే తెలిసేది. ఆ ఆడవాళ్ళ తప్పేమీ లేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ కుర్ర మాస్టర్లు తనను చూసే చూపు మారడం ఆమెకు తెలుస్తూనే ఉంది. ప్రిన్సిపాల్ పెన్ను మూత పెట్టి, ఫలితం రద్దు చేస్తున్నామంది. కోర్సు సరిచేసి, పళ్ళు కోతకు రాకముందే మళ్ళీ పరీక్ష పెట్టాలంది. రాద్మిలా సంగతి తర్వాత మాట్లాడదామంది.

బయట మెట్ల దగ్గర ఆమె తిహోమిర్‌ను అందుకుంది.

"కూమా, నలుగురిలో మీ పరువు తీశాను. క్షమించండి. మీకు వంక పెట్టడానికి నాకు మనసొప్పలేదు."

తిహోమిర్ టోపీని చేతుల్లో తిప్పాడు. ఆయన కోపంగా లేడు. కోపంగా ఉన్నా బాగుండేదనిపించింది ఆమెకు.

"తరగతిలో నాకు ఎదురుగా మొహాలుండేవి తల్లీ," అన్నాడు. "ఒక మొహం చిన్నబోతే చెప్పింది మళ్ళీ చెప్పేవాణ్ణి. ఆ కెమెరా డబ్బాలో మొహాలేవీ? గోడకు చెప్పినట్టు చెప్పాను. బాగా రాలేదని నాకు తెలుసు. పూర్తికాలేదని కూడా తెలుసు. అందుకే నా కోర్సు రాద్మిలాకే ఇమ్మని ఆఫీసులో బతిమాలుకున్నా. పరాయివాడైతే ఊరంతా టముకు వేస్తాడు, నా కూమ్ అయితే తలుపేసి నాలుగు చివాట్లు పెట్టి దిద్దుతుంది అనుకున్నా. నువ్వు అద్భుతం అన్నావు. నాకే చాదస్తం కాబోలు అనుకుని ఊరుకున్నా."

గౌరవం అనుకుని రాద్మిలా ఇచ్చింది ఆయనకు అక్కర్లేదు. ఆయన అడిగిందేమో తాను ఇవ్వలేదు.

"ఇప్పుడు చూస్తాను కూమా. రేపట్నుంచే కూర్చుందాం. ప్రతి పాఠం నేను విని..."

"వద్దులే," అన్నాడాయన. గొంతులో నిష్ఠూరం లేదు, అలసట ఉంది. "నువ్వు బాగుందన్నా నమ్మలేను, బాగాలేదన్నా మొహమాటం చంపుకుని అన్నావేమో అనిపిస్తుంది. ఆ పళ్ళు ఏరే ఆవిడ ఉందే, దెసాంకా, ఆవిణ్ణి పిలిపించు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్తాను. ఆవిడ మొహం చూస్తే నాకు తెలుస్తుంది."

ఆయన మెట్లు దిగి వెళ్ళాక రాద్మిలా అక్కడే నిలబడి ఫోన్ చేసింది. అవతల నిరుటి నిల్వ పళ్ళు ఏరుతున్న బెల్టు చప్పుడు, ఆడవాళ్ళ కేకలు. దెసాంకా పక్కకు జరిగి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"మేడమ్? మళ్ళీ నేనేం తప్పు చేశాను?"