సెఫినా కట్టించిన అద్దె గది

సెఫినా కోరిక ఒక్కటే: తెల్లవారకముందు బజారు బస్సు మెట్టు ఎక్కడం మానెయ్యాలి. బజారులో అమ్మే చేమదుంపల గంపలు ఎత్తగలిగే చేతులున్నా, మోకాళ్ళు ఎదురు తిరిగి ఏడాదైంది. అందుకే ఇంట్లో సముద్రం వైపు భాగానికి అడ్డగోడ కట్టించి, అద్దెకిస్తానంది. కూర్చున్న చోటికే డబ్బు నడిచి వస్తుందని సవాయీ దీవంతా చాటింది.

భర్త లాఫాయి చర్చి పెద్దల్లో ఒకడు. దేవుడిచ్చిన కప్పు కింద పడుకున్నవాడి దగ్గర డబ్బు పుచ్చుకోవచ్చా అని రెండు రోజులు ఆలోచించి, జవాబు దొరక్క గోడకు రంగు వేశాడు.

ఆపియా పట్నం నుంచి కొత్తగా వచ్చిన బడి పంతులు ఇయోసెఫా గదిలో దిగి, అద్దె చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రమే సెఫినా కాల్చిన కోడిని పళ్ళెంలో పెట్టి పంపింది. తన కప్పు కింద పరాయివాడుంటే మొదటి పళ్ళెం అతనిదే కదా. అతనూ ఆ నేల బిడ్డే. ఖాళీ పళ్ళెం తిరిగి పంపితే వాళ్ళమ్మ పరువేం కావాలి? చేపల డబ్బాలు పెట్టి పంపాడు. డబ్బాలు వచ్చాక సెఫినా ఊరుకుంటుందా? పందిపిల్ల పొయ్యిలో పడింది. దానికి బదులు ఉప్పు మాంసం బకెట్టు వచ్చింది. బకెట్టుకు బదులు, పెళ్ళిళ్ళలో కానుకగా ఇవ్వడానికి దాచిన, సన్నగా అల్లిన చాప పెట్టెలోంచి బయటికొచ్చింది.

ఇప్పుడు సెఫినా బస్సు వేళకన్నా ముందే లేచి, పళ్ళెం నింపడానికి పొయ్యి రాళ్ళు కాలుస్తోంది. పంతులు లాగు గుండీలు పట్టడం మానేశాయి. ఎముకలు మేసిన కుక్కలు మొరగడానికి బద్ధకిస్తున్నాయి.

"వదినా, కూర్చుని తినే డబ్బన్నావు," అంది ఆడపడుచు ఫుయా. "తినేవాళ్ళు కనబడుతున్నారు గానీ, నువ్వు కూర్చోగా చూడలేదే."

శుక్రవారం సాయంత్రం పంతులు సంచీ సర్దుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"వెళ్ళిపోతానమ్మా. మీ పళ్ళేలకు బదులివ్వడానికి నా జీతం చాలట్లేదు."

సెఫినా గుమ్మానికి అడ్డొచ్చింది. గది ఖాళీ అయితే మళ్ళీ ఆ బస్సే. "తినడం మానెయ్ నాయనా, పోనీ," అంది.

"మీరు పంపడం మానేస్తారా?"

ఆమె నిజాయితీగా ఆలోచించింది. "మానలేను."

అప్పుడే సాయం ప్రార్థనకు శంఖం మోగింది. శంఖం మోగాక ఎవరూ వీధిలో నడవకూడదు. పంతులు సంచీ పక్కన పెట్టి చాప మీద కూర్చున్నాడు. లాఫాయి రోజూ లాగే కళ్ళు మూసుకుని, దూరాన ఉన్న బిడ్డల్ని ఒక్కొక్కరినీ పేరుపేరునా దేవుడికి అప్పగించాడు. ఆ తర్వాత రోజూ "మా అతిథిని" అనేవాడు. ఈసారి మాత్రం "ఇయోసెఫాను," అని ఊరుకున్నాడు.

సెఫినా ఒక కన్ను తెరిచింది. ఆమెన్ అనేదాకా ఎలా ఆగిందో దేవుడికే తెలియాలి.

"విన్నావుగా. మీ నాన్న నీ పేరు బిడ్డల్లో కలిపాడు. బిడ్డకు బదుళ్ళుండవు, ఇంట్లో పళ్ళేలు మొయ్యాల్సింది ఇక నువ్వు. పొద్దున్నే లేచి రాళ్ళు కాల్చి, నాన్నకు కోకో కాచిపెట్టు."

పంతులు ఊపిరి పీల్చుకున్నాడు. "మరి అద్దె?"

"జీతం రోజున కొడుకు తల్లి చేతిలో ఏం పెట్టాలో కూడా నేనే చెప్పాలా?"

పంతులు నవ్వు ఆపుకోలేక సంచీలోని బట్టలు గదిలోకి విసిరాడు.

"దేవుడి దగ్గర తెలివి చూపించామేమోనే," అన్నాడు లాఫాయి మెల్లగా.

"పేరు చెప్పింది నువ్వే. తప్పయితే నువ్వే మాట్లాడుకో."

మర్నాడు బజారు బస్సు ఇంటి ముందు ఆగి హారన్ కొట్టింది. మోకాళ్ళ మీద గుడ్డ కప్పి కాళ్ళు చాపుకున్న సెఫినా, పొమ్మని విసనకర్ర ఊపింది. ఇయోసెఫా మాడిన సీమపనస ముక్కలు పళ్ళెంలో తెచ్చిపెట్టాడు. ఆవిడ తిన్నది. ఖాళీ పళ్ళెం చూడగానే చెయ్యి దురదపెట్టి వంటపాక వైపు లేవబోయింది.

"కూర్చో," అన్నాడు లాఫాయి.

సెఫినా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, కష్టం మీద కూర్చుంది.