పైపొర

ల్యాబ్ మేడమ్ మైక్రోస్కోపు ముందు నుంచి లేచి, మావారిని చూడమంది. ఆయన చూసి పక్కకు జరిగారు. నేనూ కన్ను ఆనించాను. కళ్ళు జిగేల్మనే పచ్చటి వెలుగు. గట్టిపడ్డ కాంక్రీటు ముక్కలోకి మెరిసే రంగు ఎక్కించి, కాగితమంత పల్చగా అరగదీస్తారట. కలిపేటప్పుడు నీళ్ళెక్కువైతే సందులెక్కువ. సందులెక్కువైతే వెలుగూ ఎక్కువే. నీళ్ళు కొలిచి కలిపిన నమూనాలు పక్కనే వరసగా ఉన్నాయి. మావారు వేసిన స్లాబు ముక్క అన్నిటికంటే నీళ్ళెక్కువైన నమూనాతో సరిపోయింది.

"సిమెంటు బస్తాకి ముప్పై మూడు లీటర్లు పోసినట్టుంది. పోయాల్సింది ఇరవై మూడు," అంది మేడమ్.

"ఒక్క చెంబు ఎక్కువ కలిపుంటే నా చేతులు పడిపోవాలి!"

"ఒట్లు మైక్రోస్కోపులో కనపడవు మేస్త్రిగారూ."

అది ఆసుపత్రి రెండో అంతస్తు స్లాబు. నేల మీద దుమ్ము లేస్తోందని ఇంజనీరు ముక్క కోయించి పంపాడు. రిపోర్టు చెడ్డగా వస్తే స్లాబు మొత్తం పగలగొట్టాలి. ఆ తర్వాత మావారిని ఎవరూ పనికి పిలవరు.

"ఇది పైపొరలో కోసింది," అంది మేడమ్. "నునుపు చేసేటప్పుడు పైన నీళ్ళు చల్లారా? చల్లితే పాడయ్యేది పైపొరే, లోపలి నుంచి ఇంకో ముక్క కోసి చూస్తాను. లేదంటే కలపడంలోనే తప్పని రాసేస్తాను."

"చల్లలేదు."

పనివాళ్ళు ఆయన్ని 'అద్దం మేస్త్రి' అంటారు. ఆయన తాపీ తిప్పిన నేలలో మొహం చూసుకోవచ్చు. నీళ్ళు చల్లి నునుపు తేవడం చేతకానివాళ్ళ పని అని అందరి ముందూ వెక్కిరిస్తారు. మా వంటింటి నేలా ఆయనే చేశారు. ఆ రోజు చీపురు బకెట్లో ముంచి చిలకరించడం నేను చూశాను. మూడేళ్ళుగా ఎంత ఊడ్చినా చేటలో బూడిదరంగు పొడే. నీకు ఊడవడం రాదంటారు.

చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే పనే పోతుంది. మేడమ్ పెన్ను మూత తీసింది.

"చల్లుతారు మేడమ్," అన్నాను.

"నోర్ముయ్! నీకేం తెలుసు?"

"మూడేళ్ళుగా చేటలోకి ఎత్తుతున్నా. నాకు తెలీదా?"

ఆయన మొహం మాడిపోయింది. "కాస్తే... చీపురుతో," అన్నారు.

రెండో ముక్క సిద్ధం కావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆయన నాతో మాట్లాడలేదు. కంచంలో అన్నం కెలికి లేచిపోయేవారు.

ఐదో రోజు మేడమ్ మళ్ళీ ఆయన్నే చూడమంది. ఆయన కన్ను ఆనించి, నమూనా చూసి, మళ్ళీ ముక్క చూశారు. మసక పచ్చ. ఇరవై మూడు లీటర్ల నమూనాకీ దానికీ తేడా లేదు.

"లోపల సరిగ్గా ఉంది. పైపొర చెక్కి మళ్ళీ వేస్తే చాలు. కానీ నీళ్ళు చల్లిన సంగతి రాయాల్సిందే."

"రాయండి మేడమ్," అన్నారు మావారు.

మెట్లు దిగుతూ, నా వైపు చూడకుండానే అడిగారు. "వంటింటిది కూడా చెక్కాలంటావా?"

"ముందు ఆసుపత్రిది కానివ్వండి. నా చేట ఎక్కడికీ పోదు."